కౌలుదారు పేరు కాగితమెక్కించిన బూర్గుల

మా దోమ వైపు ఏ ఇంట్లో భూమి పంచాయితీ లేచినా నాలుగు మాటలు తప్పకుండా వినబడతాయి. పట్టా, పహాణీ, కాస్తు కాలం, 38-ఇ. మగవాళ్లు అరుగు మీద కూర్చుని గొంతులు పెంచి వాదులాడుకుంటుంటే లోపల చాయ్ పెడుతూ మనం అన్నీ వింటూనే ఉంటాం. పట్టా అంటే తెలుసు. పహాణీ అంటే ఏటేటా పంట, సాగు రాసే రికార్డు అని కొంత తెలుసు. ఈ 38-ఇ ఏమిటో, అది ఎవరి కాలంలో మన ఊళ్లలోకి వచ్చిందో మాత్రం అడిగినవాళ్లం తక్కువ. ఆడవాళ్లకెందుకు ఆ సంగతి అన్నట్టే ఉంటుంది ఇంట్లో వ్యవహారం.

అది ఒక చట్టంలోని సెక్షను. దున్నే కౌలుదారుణ్ణే ఆ భూమికి యజమానిగా చేసే సెక్షను. అది పుట్టిన నాడు హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నాయన మన పాత జిల్లా మనిషే. పేరు బూర్గుల రామకృష్ణారావు. ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న హైదరాబాదు రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రీ ఆయనే, చివరి ముఖ్యమంత్రీ ఆయనే. ఆ తర్వాత ఆ రాష్ట్రమే లేకుండా పోయింది కదా! పిల్లల పాఠాల్లో ఆయన గురించి రెండు ముక్కలుంటాయి. బహుభాషా పండితుడు అని ఒకటి, కుర్చీ వదులుకున్న త్యాగి అని ఒకటి. రెండూ నిజమే. కానీ ఆయన జీవితంలో అసలు కథ భూమి దగ్గరే ఉందని నాకు అనిపిస్తుంది.

ఆయన 1899 మార్చి 13న మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి తాలూకా పడకల్‌లో పుట్టాడు. తల్లి రంగనాయకమ్మ, తండ్రి నరసింగరావు. ఇంటిపేరు నిజానికి పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గరున్న బూర్గుల వాళ్ల ఊరు కావడంతో లోకం ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసేసింది. అప్పట్లో మా పరిగి తాలూకా కూడా పాలమూరు జిల్లాలోదే. అంటే దోమ, బూర్గుల ఒకే కలెక్టరు కింది ఊళ్లన్నమాట.

నిజాం రాజ్యంలో చదువంతా ఉర్దూలో. ఇంట్లో తెలుగు, సంస్కృతం. కచేరీలో ఉర్దూ, పార్శీ. పై చదువుకి పూనా ఫెర్గుసన్ కాలేజీ, అక్కడ మరాఠీ. లా చదువు బొంబాయిలో, అక్కడ ఇంగ్లీషు. ఇన్ని భాషలు సరదాకి నేర్చినవి కావు, ఆ రాజ్యంలో బతకాలంటే అన్నీ కావలసిందే. 1924 నుంచి హైదరాబాదులో వకీలు పని మొదలుపెట్టాడు. మంచి పేరొచ్చింది. తరువాతి రోజుల్లో ఆయన దగ్గర జూనియరుగా చేరిన కుర్రాడొకడున్నాడు, పి.వి. నరసింహారావు. ఆ పేరు గుర్తుంచుకోండి, కథ చివర మళ్లీ వస్తాడు.

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని హాల్లో ఒక సంఘ సంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఆడపిల్లల చదువుకి, వితంతువుల బాగుకి పూనాలో జీవితం ధారపోసిన మహానుభావుడాయన. ఆ సభలో ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే అల్లరి చేసి మాట్లాడనివ్వలేదు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. మాడపాటి హనుమంతరావు, మందుముల నరసింగరావు వంటి పెద్దల సరసన యువకుడైన రామకృష్ణారావు కూడా అందులో ఉన్నాడు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. మొదటి సభ 1930లో జోగిపేటలో, రెండోది 1931లో దేవరకొండలో. దేవరకొండ సభకు అధ్యక్షుడు మన బూర్గులే. ఈ సభలతో పాటే మహిళా సభలు కూడా పెట్టేవారు. జోగిపేటలో ఆడవాళ్ల సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించింది. ఘోషా, బాల్య వివాహాల మీద ఆ రోజుల్లోనే తీర్మానాలు చేశారంటే మన అమ్మమ్మల తరం ఏమీ నోరు మూసుకు కూర్చోలేదన్నమాట.

1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్ పెట్టబోతే నిజాం సర్కారు పుట్టకముందే నిషేధించింది. ఎనిమిదేళ్ల పాటు నిషేధం. 1946లో ఎత్తేశాక పార్టీలో రెండు వర్గాలు తేలాయి. గట్టిగా పోరాడదామనే స్వామి రామానందతీర్థ ఒకవైపు, నెమ్మదిగా నచ్చజెప్పి పనులు సాధించుకుందామనే బూర్గుల ఇంకోవైపు. అధ్యక్ష పదవికి ఇద్దరూ పోటీ పడితే కొద్ది తేడాతో స్వామీజీ గెలిచాడు. ఈ మెత్తదనం ఆయన స్వభావం. జైలుకూ వెళ్లాడు, కానీ వీధిలో నిలబడి కేకలేసే మనిషి కాడు. వకీలు కదా, ఏ సమస్యకైనా ఒక కాగితం తయారు చేస్తే పరిష్కారం దొరుకుతుందని నమ్మినవాడు. ఆయన బలమూ అదే, బలహీనతా అదే.

ఇక్కడ ఆ రోజుల్లో భూమి ఎవరి చేతిలో ఉండేదో కొంచెం చెప్పుకోవాలి. వికారాబాదు అన్న పేరే పాయిగా నవాబు వికారుల్ ఉమ్రాది. నిజాం రాజ్యంలో పెద్ద భాగం ఇలాంటి జాగీర్లు, పాయిగాలు, నిజాం సొంత ఖర్చు కోసం ఉంచుకున్న సర్ఫెఖాస్ భూములు. మిగిలిన చోట దేశ్‌ముఖులు, దొరలు. దున్నేవాడికి పట్టా ఉండదు, రశీదు ఉండదు. ఇవాళ దున్నిన చేను వచ్చే ఉగాది దాకా తన చేతిలో ఉంటుందన్న నమ్మకం ఉండదు. పైగా వెట్టి. దొర ఇంట్లో పెళ్లయితే కుండలు, చెప్పులు, కట్టెలు, మేకలు అన్నీ ఊరే మోయాలి. మగవాడు వెట్టికి పోతే ఆడది గడీలో వడ్లు దంచాలి. పసిపిల్లను పాలకి ఏడవనిచ్చి దంచిన తల్లుల కథలు తెలంగాణలో ఏ ఊళ్లో అడిగినా చెబుతారు.

నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో దీనిమీద కమ్యూనిస్టులు తుపాకీ పట్టి పోరాడారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం రాజ్యం పోయింది, పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది. ఢిల్లీ వాళ్లకీ హైదరాబాదు అధికారులకీ ఒక సంగతి అర్థమైంది, భూమి సంగతి తేల్చకపోతే సైన్యం ఎన్నాళ్లున్నా లాభం లేదని. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 జూన్ 10న హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజుల్లోనే వెల్లోడి ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రిగా చేరిన బూర్గుల మీద దాన్ని నడిపే బాధ్యత పడింది.

ఆ చట్టం చెప్పిందేమిటంటే, ఒక భూమిని వరసగా ఆరేళ్లు కౌలుకు చేసినవాడు రక్షిత కౌలుదారు. వాణ్ణి ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేదు. యజమాని భూమి అమ్మితే కొనుక్కునే హక్కు ముందు వాడిది, డబ్బు వాయిదాల్లో కట్టుకోవచ్చు. భూమి విలువలో అరవై వంతులు కౌలుదారువి, నలభై వంతులే పట్టాదారువి అని లెక్క కట్టింది. ఒక్కసారి ఆలోచించండి. నిన్నటిదాకా దొర కంటబడితే చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడికి ఆ దొర భూమిలో అరవై పైసల వాటా ఉందని సర్కారు కాగితం చెప్పింది! రాష్ట్రం మొత్తం మీద ఆరు లక్షలకు పైగా కౌలుదార్ల పేర్లు రికార్డు కెక్కాయి. దేశంలో అప్పటికి ఇంత గట్టి కౌలు చట్టాలు ఎక్కువ లేవు.

మరి వితంతువు సంగతి? అక్కడ మాత్రం నాకు మనసు కలుక్కుమంటుంది. రక్షిత కౌలుదారు చనిపోతే హక్కు వారసులకు వస్తుంది. వారసులంటే ముందు బిడ్డలు. బిడ్డలెవరూ లేకపోతేనే భార్య, అదీ ఆమె మళ్లీ పెళ్లి చేసుకోనంత వరకు. నాట్లు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది ఆమె. పేరు ఎక్కింది ఆయనది. మారు మనువు చేసుకుందా, చేను పోయినట్టే. భార్య చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న మగవాడికి ఈ షరతు లేదు. కార్వే సభలో పుట్టిన సంఘంలో పెరిగిన నాయకులకు కూడా ఈ వాక్యం తప్పనిపించలేదు. ఆ కాలం అంతే అని సరిపెట్టుకోవచ్చు, కానీ చదివినప్పుడల్లా నాకు సరిపడదు.

1952లో మొదటి ఎన్నికలు వచ్చాయి. హైదరాబాదు అసెంబ్లీ 175 స్థానాల్లో కాంగ్రెసుకు 93 వచ్చాయి. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంటు పేరుతో నిలబడి 42 గెలిచారు. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యాడు. వికారాబాదు నుంచి గెలిచిన మర్రి చెన్నారెడ్డి ముప్ఫై మూడేళ్లకే మంత్రి. ఆ సభలో ఆడవాళ్లు కూడా ఉన్నారు. ఆలేరు నుంచి సాయుధ పోరాటంలో పనిచేసి వచ్చిన ఆరుట్ల కమలాదేవి, బాన్సువాడ నుంచి సంగం లక్ష్మీబాయి. మన పరిగి నుంచి ఎవరో తెలుసా? షాజహాన్ బేగం. డెబ్భై ఏళ్ల కిందటే మన వెనకబడ్డ పరిగి ఒక ముస్లిం స్త్రీని అసెంబ్లీకి పంపింది. ఈ మాట మా వీధిలో చెబితే చాలామంది నమ్మలేదు.

ఆయన పరిపాలన పూలపాన్పేమీ కాదు. ఆరు నెలలు తిరక్కుండానే బయటివాళ్లకు ఉద్యోగాలిస్తున్నారని ముల్కీ ఉద్యమం లేచింది. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డిగారితో విచారణ జరిపించారు. ఆ రోజుల విద్యార్థి నాయకుల్లో ముఖ్యమంత్రికి బంధువే అయిన బూర్గుల నరసింగరావు కూడా ఒకడు, కమ్యూనిస్టు. ఒకే ఇంటిపేరు, రెండు జెండాలు!

డబ్బు వ్యవహారం ఇంకో తలనొప్పి. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దారు రూపాయలు. సరిహద్దుల్లో సొంత సుంకం, కరోడ్‌గిరి. ఇవన్నీ పోయి దేశమంతటితో ఒకటి కావాలి. సర్కారుకు ఆ సుంకం ఆదాయం పోతుంది, ఖర్చులేమో పెరుగుతాయి. మా ఇళ్లలో ముసలివాళ్లు లెక్క తప్పినవాణ్ణి హాలీకి కల్దారుకి తేడా తెలీనోడు అని వెక్కిరించేవారట. ఆ రెండు లెక్కల మధ్యే నడిచింది ఆయన ఖజానా. అయినా నందికొండ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టాలని పట్టుబట్టి సాధించినవాళ్లలో ఆయనొకడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి పునాది రాయి వేశాడు. అదే నాగార్జునసాగర్.

సరే, కౌలు చట్టం ఏమయింది? ఉస్మానియా యూనివర్సిటీ కోసం ఆలీ మహమ్మద్ ఖుస్రో అనే ఆర్థిక శాస్త్రవేత్త ఊరూరా లెక్క తీయించాడు. 1958లో అది పుస్తకంగా వచ్చింది. 1951లో రక్షిత కౌలుదార్లుగా పేరెక్కిన ప్రతి నూరుమందిలో 1954 నాటికి ఆ హక్కుతో మిగిలింది 45 మందే. ఓ పన్నెండు మంది భూమి కొనుక్కుని యజమానులయ్యారు, వాళ్ల సంగతి బాగానే ఉంది. చట్టప్రకారం తొలగించినవాళ్లు ముగ్గురికి లోపు. 22 మందిని చట్టానికి విరుద్ధంగానే వెళ్లగొట్టారు. దాదాపు 18 మంది తమంతట తామే భూమి వదులుకున్నామని రాసిచ్చారు.

తమంతట తాము! ఈ మాట దగ్గర ఆగాలి. ఏళ్ల తరబడి దున్నిన చేనుని ఎవరైనా ఇష్టపడి వదులుకుంటారా? దొర పిలిచి, పట్వారీని పక్కన కూర్చోబెట్టి, వేలిముద్ర వెయ్యమంటాడు. అప్పు పత్రం ముందు పెడతాడు. పిల్ల పెళ్లికి ఇచ్చిన బియ్యం గుర్తు చేస్తాడు. సాయంత్రానికి వేలు నల్లబడి ఇంటికొస్తాడు మనిషి. చట్టంలో ఇందుకు సందులున్నాయి. కౌలుదారు భూమి తిరిగి అప్పగించవచ్చని ఒక సెక్షను, యజమాని తాను స్వయంగా సాగు చేసుకుంటానంటే కొంత వెనక్కి తీసుకోవచ్చని ఇంకో సెక్షను. స్వయంగా అంటే నాగలి పట్టనక్కర్లేదు, గట్టు మీద నిలబడితే చాలు. వకీలు రాసిన కాగితాన్ని పట్వారీ కాగితం ఓడించింది. పట్వారీ దొర మనిషి. చట్టం వస్తోందని ముందుగా తెలిసేది కూడా వాళ్లకే.

మరి ఇది బూర్గుల తప్పా? ఆయన పార్టీలోనే, ఆయన మంత్రివర్గంలోనే భూమిగలవాళ్లు కూర్చున్నారు. ఎదుటి బెంచీల మీద కమ్యూనిస్టులు చట్టం చాలదంటున్నారు, పక్క బెంచీల మీదవాళ్లు ఎక్కువైందంటున్నారు. ఆయన మధ్యే మార్గం చూశాడు. 1954లో చట్టాన్ని సవరించి రెండు కొత్త సంగతులు పెట్టారు. ఒక కుటుంబం బతకడానికి సరిపోయే భూమిని ఒక కమతంగా లెక్కగట్టి, దానికి నాలుగున్నర రెట్లు దాటి ఎవరికీ ఉండకూడదన్నది ఒకటి. సర్కారు ఒక తేదీ ప్రకటిస్తే చాలు, ఆ రోజు నుంచి రక్షిత కౌలుదారు తన కౌలు భూమిలో పరిమితికి లోబడి దానంతట అదే యజమాని అవుతాడన్నది రెండోది. ఆ రెండోదే మన 38-ఇ. కొనే హక్కుంది కొనుక్కో అని కౌలుదారునే ఆఫీసుల చుట్టూ తిప్పకుండా, హక్కే వాడి గడపకు రావాలన్న ఆలోచన. మంచి ఆలోచనే. కాని తేదీ ప్రకటించడం సర్కారు చేతిలో పెట్టారు. మన ప్రాంతానికి ఆ తేదీ రావడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది.

ఇలా జరిగింది మన దగ్గరే అనుకోవద్దు. సరిగ్గా అవే సంవత్సరాల్లో సముద్రం అవతల ఫిలిప్పీన్స్‌లో ఇదే కథ. అక్కడా కౌలు రైతులు హుక్ అనే పేరుతో తుపాకులు పట్టి తిరగబడ్డారు. రామన్ మెగసెసే వాళ్లను అణిచి, నచ్చజెప్పి, 1953 చివర అధ్యక్షుడయ్యాడు. 1954లో కౌలు చట్టం, 1955లో భూసంస్కరణ చట్టం తెచ్చాడు. అక్కడి చట్టసభ నిండా భూస్వాములే. కోసి కోసి చివరికి ఎలా వదిలారంటే, ఒక్క మనిషికి ఒకే చోట 300 హెక్టార్లు, అంటే మన లెక్కలో 740 ఎకరాల దాకా ఉన్నా ముట్టుకోనక్కర్లేదు. మెగసెసే పేరు మనకు అవార్డు వల్ల తెలుసు. 1958లో ఆ అవార్డు మొదటిసారి ఇచ్చినప్పుడు అందుకున్నవాళ్లలో వినోబా భావే ఉన్నాడు. ఎందుకు? 1951 ఏప్రిల్ 18న మన పోచంపల్లిలో మొదలుపెట్టిన భూదానానికి. అక్కడి రైతుల గొడవ, ఇక్కడి రైతుల గొడవ చివరికి ఒక అవార్డు దగ్గర కలుసుకున్నాయి.

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం నివేదిక వచ్చింది. తెలంగాణను కొన్నాళ్లు వేరుగా ఉంచి, 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చని అది చెప్పింది. వేరుగా ఉంటే ముఖ్యమంత్రి కుర్చీ బూర్గులదే. కొండా వెంకట రంగారెడ్డి, చెన్నారెడ్డి వేరుగానే ఉందామన్నారు. బూర్గుల కొంత ఊగిసలాడి చివరికి ఢిల్లీ పెద్దల మాటకు, విశాలాంధ్రకు ఒప్పుకున్నాడు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకాలు చేసిన నలుగురు బూర్గుల, రంగారెడ్డి, చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. అంతవరకు గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆ రోజుతోనే ఇటు వచ్చాయి. తాండూరు బజారులో ఇప్పటికీ కన్నడం వినబడుతుందంటే ఊరికే కాదు. ఆయన చేసింది త్యాగమా, పొరపాటా అని 1969లో, మళ్లీ 2014 దాకా జనం వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఆ వాదనలోకి పోను.

కుర్చీ పోయిన మూడు వారాలకే, 1956 నవంబరు 22న, ఆయన్ని కేరళకు గవర్నరుగా పంపారు. ఆయన జీవితంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది ఈ భాగమే.

1957 ఏప్రిల్ 5న కేరళలో కమ్యూనిస్టులు ఎన్నికల ద్వారా గద్దెనెక్కారు. ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్. రెవెన్యూ మంత్రి ఒక స్త్రీ, కె.ఆర్. గౌరి. అప్పటికామెకు నలభై నిండలేదు, లా చదివి జైళ్లు చూసి వచ్చిన మనిషి. ఆ ప్రభుత్వం గద్దెనెక్కిన ఆరో రోజున చేసిన పని ఏమిటో తెలుసా? కౌలుదార్లను ఎక్కడివాళ్లను అక్కడే ఉంచాలి, ఎవ్వర్నీ తొలగించకూడదు అని ఆర్డినెన్సు. పంపకం, పరిమితి అన్నీ తర్వాత. ముందు తలుపు మూసెయ్యి, ఉన్నవాణ్ణి బయటికి తొయ్యకుండా చూడు. ఆర్డినెన్సు గవర్నరు పేరు మీదనే వస్తుంది కాబట్టి దాని మీద సంతకం మన బూర్గులది! హైదరాబాదులో చట్టం ముందు వచ్చి, తలుపులు తెరిచి ఉండటం వల్ల నూటికి నలభై మంది భూమి పోగొట్టుకోవడం చూసినవాడు. ఆ సంతకం పెట్టేటప్పుడు ఆయన మనసులో ఏం మెదిలిందో! కథలు రాసేదాన్ని కాబట్టి ఊహించాలని చెయ్యి దురదపెడుతుంది, కాని ఇది కథ కాదు గనక ఊరుకుంటున్నాను.

ఆ తర్వాతిది అంత బాగుండదు. గౌరి తెచ్చిన వ్యవసాయ సంబంధాల బిల్లు 1959 జూన్‌లో కేరళ సభలో నెగ్గింది. అదే వేసవిలో ఆ ప్రభుత్వం మీద విమోచన సమరం లేచింది. విద్యా చట్టం మీద చర్చిలు, భూమి మీద భూస్వాములు, పైన కాంగ్రెసు పార్టీ అందరూ ఒక్కటయ్యారు. ప్రభుత్వమూ తక్కువ తప్పులు చేయలేదు. పోలీసు కాల్పుల్లో గర్భిణిగా ఉన్న ఒక జాలరి స్త్రీ కూడా చనిపోయింది, రాష్ట్రమంతా మండిపోయింది. ఢిల్లీలో ప్రధాని నెహ్రూ, కాంగ్రెసు అధ్యక్షురాలు ఇందిరాగాంధీ. గవర్నరు నివేదిక పంపాడు. జూలై 31న, సభలో బలం ఉన్న ప్రభుత్వాన్ని రాష్ట్రపతి పాలన పెట్టి తీసేశారు. గౌరి బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రానే లేదు. కౌలుదారును యజమాని చేసే సెక్షను హైదరాబాదులో తన పాలనలో పుట్టిన మనిషి, అదే పని చేయబోయిన ఇంకో ప్రభుత్వాన్ని తీసెయ్యడానికి ఆధారమైన కాగితం రాశాడు. పార్టీ మనిషిగా, కేంద్రం నియమించిన గవర్నరుగా ఆయనకు ఇంకో దారి లేదని కొందరంటారు. ఉండవచ్చు. మెత్తని మనుషులకు దారులు ఎప్పుడూ తక్కువే కనిపిస్తాయి.

1960లో ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా వెళ్లి 1962 దాకా ఉన్నాడు. తర్వాత నాలుగేళ్లు రాజ్యసభ. ఈ తీరిక కాలమే కాదు, జీవితమంతా ఆయన చేతిలో కలం ఉంది. పారశీక వాఙ్మయ చరిత్ర రాశాడు. సౌందర్యలహరిని, కనకధారా స్తవాన్ని తెలుగు చేశాడు. ఉదయం అమ్మవారి స్తోత్రం, సాయంత్రం పార్శీ గజలు, మధ్యలో రెవెన్యూ ఫైళ్లు. అలాంటి మనుషులు హైదరాబాదు గడ్డ మీదనే పుట్టగలరు, ఇప్పుడు అక్కడ కూడా పుట్టడం లేదు. 1967 సెప్టెంబరు 14న కన్నుమూశాడు.

ఆయన పోయాక రెండేళ్లకు, ఒప్పందం అమలు కాలేదంటూ తెలంగాణ భగ్గుమంది. ఆ ఉద్యమాన్ని నడిపింది సంతకం పెట్టిన నలుగురిలో ఒకడైన చెన్నారెడ్డే. ఉద్యమం చల్లారాక 1971లో ముఖ్యమంత్రి అయినవాడు బూర్గుల పాత జూనియరు పి.వి. నరసింహారావు. కేరళలో 1970 జనవరి 1 నుంచి కౌలు పద్ధతే రద్దయింది. మన తెలంగాణలో 38-ఇ కింద కౌలుదార్లు యజమానులైన తేదీ 1973 జనవరి 1. గురువు కాలంలో రాసిన సెక్షనుకు శిష్యుడి కాలంలో తేదీ దొరికింది. అదే నెలలో శిష్యుడి పదవి ఊడింది. భూపరిమితి చట్టం తెచ్చినందుకే పెద్ద భూస్వాములు పట్టుబట్టి దింపించారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు.

అప్పటికి మిగిలిన రక్షిత కౌలుదార్లకే ఆ సర్టిఫికెట్లు వచ్చాయి. వేలిముద్రలేసి వదులుకున్నవాళ్లకు రాలేదు. వచ్చినవాళ్లలో కూడా చాలామందికి కాగితం పెట్టెలో ఉంది, చేను ఇంకొకరి చేతిలో ఉంది. మా వైపు కోర్టు కేసుల్లో ఇప్పటికీ ఆ సర్టిఫికెట్లు బయటికొస్తూనే ఉంటాయి. భూమి ధరలు పెరిగినకొద్దీ మరీ ఎక్కువగా వస్తున్నాయి. అక్కచెల్లెళ్లూ, మీ అత్తింట్లోనో పుట్టింట్లోనో పాత ట్రంకు పెట్టె ఉంటే ఒకసారి తెరిచి చూడండి. ఉర్దూలో రాసిన కాగితాలుంటే పారెయ్యకండి, చదివించండి. వారసుల జాబితాలో ఎవరెవరి పేర్లున్నాయో, మీ పేరుందో లేదో కూడా చూసుకోండి. అడిగితే తప్పేమీ లేదు.

హైదరాబాదులో సచివాలయం పక్కనే ఆయన పేరున బూర్గుల రామకృష్ణారావు భవన్ ఉంది. పాత సచివాలయం కూల్చి కొత్తది కట్టేదాకా, 2019 నుంచి 2023 వరకు తెలంగాణ ప్రభుత్వం ఆ భవన్‌లోంచే నడిచింది. 2020లో కొత్త భూమి హక్కుల చట్టం, ధరణి వచ్చాయి. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది, అది వేరే సంగతి. ధరణి రికార్డులో పట్టాదారు పేరుంది, విస్తీర్ణం ఉంది. పాత పహాణీలో దున్నేవాడి పేరు రాసే కాస్తు కాలం మాత్రం లేదు. బూర్గుల పేరున్న భవనంలో సచివాలయం నడుస్తున్న రోజుల్లోనే అది రికార్డులోంచి పోయింది.